ముప్పై ఆరు మీటర్ల అవతల నిలబడిన మనిషి

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం, యుద్ధక్రీడల బొమ్మలకూ ఆటబల్ల మీది కట్టడాలకూ రంగులు వేసేవారి సమావేశంలో విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

మిత్రులారా, అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గని వేళలో, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర మానుకుని వచ్చారు. నన్ను పిలిచినవారు "మాస్టారూ, సైన్స్ ఫిక్షన్ బొమ్మలకు రంగులు ఎలా వేయాలో చెప్పండి" అన్నారు. తప్పకుండా చెబుతాను. అయితే రంగుల దగ్గర మొదలుపెట్టను, దూరం దగ్గర మొదలుపెడతాను. రంగుల గురించి మాట్లాడమంటే ఈయన దూరం గురించి మాట్లాడతాడేమిటి అని మీకు అనిపించవచ్చు. కొద్దిసేపు ఓపిక పట్టండి.

ఈ బల్ల మీద నిలబెట్టిన సైనికుణ్ణి చూడండి. కవచం తొడుక్కున్నాడు, భుజాన ఏదో అగ్నియంత్రం ఉంది. ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే నా చిటికెన వేలిలో సగం. నిజమైన మనిషి ఎత్తు 1.7 మీటర్లు అనుకుంటే ఈ బొమ్మ మనిషిలో సుమారు అరవయ్యో వంతు. ఆట ఆడేటప్పుడు ఈ బొమ్మను మీరు ఎంత దూరం నుంచి చూస్తారు? మూరెడు దూరం కన్నా ఎక్కువే, సుమారు 60 సెంటీమీటర్లు అనుకుందాం. 60 సెంటీమీటర్లను 60తో హెచ్చవేస్తే 36 మీటర్లు. అంటే ఈ బొమ్మను చేతికందే దూరం నుంచి చూడటమూ, బందరు రోడ్డు మీద 36 మీటర్ల అవతల నిలబడిన మనిషిని చూడటమూ కంటికి ఒకటే. నాలుగడుగుల వెడల్పున్న బల్లకు అవతలి అంచున బొమ్మ ఉంటే ఆ మనిషి ఇంకా వెనక్కి, 72 మీటర్లకు పైగా వెళ్ళిపోతాడు.

ఇప్పుడు నన్ను నేనే ఒక ప్రశ్న అడుగుతాను. 36 మీటర్ల అవతల ఉన్న మనిషిలో మీకు ఏం కనిపిస్తుంది? అతని చొక్కా రంగు కనిపిస్తుంది. నడక కనిపిస్తుంది. తెలిసినవాడైతే భుజాల తీరును బట్టి పోల్చుకుంటారు. కనురెప్ప కనిపిస్తుందా? చొక్కా గుండీ చుట్టూ ఉన్న సన్నని నీడ కనిపిస్తుందా? కనిపించదు. మామూలు చూపున్న కన్ను 60 సెంటీమీటర్ల దూరంలో విడదీసి చూడగలిగిన అతి చిన్న వెడల్పు మిల్లీమీటరులో ఆరో వంతు. ఈ బొమ్మ కవచపు పలకల మధ్య ఉన్న గాడి వెడల్పు కూడా దాదాపు అంతే ఉంటుంది. గాడిలో నీడ పడుతుంది, పడకపోవడం లేదు. అయితే పడిన నీడను కన్ను పట్టుకోలేదు, పక్కనున్న వెలుగుతో కలిపేసుకుంటుంది. అందుకే ఎంత శ్రద్ధగా ఒకే నీలిరంగు పూసినా బొమ్మ ప్లాస్టిక్ ముద్దలా చదునుగా కనిపిస్తుంది. కన్ను పట్టుకోలేని నీడను రంగుతో వేసి, కన్ను పట్టుకోలేని వెలుగును రంగుతో దిద్ది, దూరాన ఉన్నవాణ్ణి దగ్గరకు లాక్కురావడమే మన పని. వాష్ అన్నా, డ్రై బ్రష్ అన్నా, అంచు హైలైట్ అన్నా ఈ ఒక్క పనికే వేర్వేరు పేర్లు; ఒక్కొక్కటీ ఏమిటో ముందు ముందు చెబుతాను.

గుంటూరు, తెనాలి వైపు పౌరాణిక నాటకాలు చూసి పెరిగినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులు ఎత్తారు, సంతోషం. శ్రీకృష్ణ పాత్రధారిని తెర వెనుక దగ్గరగా చూశారా? కనుబొమలు చిటికెన వేలంత మందం, బుగ్గల మీద గులాబీ రంగు దట్టంగా, కంటి చుట్టూ కాటుక రెండు చారలు. దగ్గర నుంచి చూస్తే నవ్వు వస్తుంది. అదే ముఖాన్ని చివరి వరుసలో చాప మీద కూర్చుని చూస్తే కృష్ణుడే కనిపిస్తాడు. మేకప్ వేసేవారికి దూరం లెక్క తెలుసు. ఈ బొమ్మలను చెక్కేవారికీ ఆ లెక్క తెలుసు కనుకనే వీటికి తల, చేతులు, ఆయుధాలు ఉండవలసినదాని కన్నా పెద్దవిగా చేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు హీరోయిక్ స్కేలు. చెక్కినవారు సగం దారి వచ్చారు. మిగతా సగం రంగు వేసేవారు నడవాలి.

కొత్తగా వచ్చినవారు ఉన్నారు కనుక ఆట సంగతి రెండు మాటలలో చెబుతాను. బల్ల మీద యుద్ధం ఆడటం కొత్త విషయం కాదు. ప్రష్యా సైన్యాధికారి గేయోర్గ్ ఫాన్ రైస్విట్జ్ 1824లో అధికారుల శిక్షణ కోసం నియమాలు రాసి, పటం మీద ఎరుపు, నీలం దిమ్మెలతో ఆడించాడు. అక్కడ మనుషుల బొమ్మలు లేవు. ఇప్పుడు మన ముందున్న భవిష్యత్ యుగపు సైన్యాలకు ఎక్కువ ప్రచారం తెచ్చింది ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో విడుదల చేసిన వార్‌హామర్ 40,000. ఇంచీల టేపుతో దూరం కొలిచి బొమ్మను జరపడం, పాచికలు వేసి ఫలితం తేల్చడం, బల్ల మీది గోడల వెనుక దాక్కోవడం, స్థూలంగా ఆట ఇంతే. చదరంగంలో గడులు ఉంటాయి. ఇక్కడ గడుల స్థానంలో గోడలు, గుట్టలు, శిథిలాలు ఉంటాయి. అందుకే కట్టడం అలంకారం కాదు, ఆటలో భాగం.

ఇక రంగుల పని. మొదట ప్రైమర్, అంటే రంగు కన్నా ముందు వేసే అడుగుపూత. ఈ మాట వినగానే అది విదేశీ విద్య అనుకోకండి. ఇక్కడికి గంట ప్రయాణం కూడా లేని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ తలా అతికి, దాని మీద సున్నపు పూత పూసి, ఆ తరువాతే రంగు ముట్టుకుంటారు. ఆ తెల్లపూత ఎందుకు? కర్ర రంగును పీల్చేయకుండా, వేసిన రంగు పట్టుకుని నిలిచేందుకు. ప్లాస్టిక్ బొమ్మకు ప్రైమర్ చేసే పని కూడా అదే. అంతకు ముందు బొమ్మను గోరువెచ్చని సబ్బునీటిలో పాత టూత్ బ్రష్‌తో కడగండి, అచ్చు నుంచి విడిపించడానికి పూసే జిడ్డు దాని మీద మిగిలి ఉంటుంది. త్రీడీ ప్రింటరులో రెసిన్‌తో తీసిన బొమ్మ అయితే స్పిరిట్‌లో కడిగి, అతినీలలోహిత దీపం కింద పూర్తిగా గట్టిపడనిచ్చి, ఆ తరువాతే వట్టి చేత్తో పట్టుకోండి. పచ్చి రెసిన్ చర్మానికి మంచిది కాదు. ఎవరి దగ్గరైనా పాత లోహపు బొమ్మలు ఉంటే వాటిలో సీసం ఉండవచ్చు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఒక చిన్న పక్కమాట. కొండపల్లి బొమ్మలో నీడ వేయరు. అంబారీ ఏనుగు ఒంటి మీద ఒకే బూడిదరంగు, దాని మీద నేరుగా పువ్వులు. అది లోపమా? కాదు. ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చూస్తాం, కొలువులో మెట్టు మీద పెట్టి చూస్తాం. అక్కడ నల్లగీతా, నిండు రంగూ చాలు. నా చిన్నతనంలో నేను నేర్చుకున్నది అదే పద్ధతి. ఈ బొమ్మలు చేతికి వచ్చాక మొదటి పదింటికీ అలాగే వేశాను. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే ఎవరు ఎవరో తెలియలేదు.

ప్రైమర్‌ను డబ్బాతో స్ప్రే చేసేవారికి మన ఊరి వాతావరణం పెద్ద పరీక్ష. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరువైనప్పుడు మేడ మీద స్ప్రే చేస్తే రంగు తుంపర గాలిలోనే ఆరిపోయి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలంలో ముసురు పట్టిన రోజున చేస్తే తేమ చేరి తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. వేసవిలో సూర్యోదయం వేళ, వానాకాలంలో పొడిగా ఉన్న మధ్యాహ్నం వేళ చేయండి. లేదా కుంచెతోనే ప్రైమర్ పూయండి, తప్పేమీ లేదు. బొమ్మంతా నల్లగా స్ప్రే చేసి, ఆరాక తల మీది వైపు నుంచి మాత్రమే తెల్లగా స్ప్రే చేస్తే, మధ్యాహ్నపు సూర్యుడు ఎక్కడ తగులుతాడో, ఎక్కడ తగలడో బొమ్మ మీద పటం గీసినట్టు తెలిసిపోతుంది. రంగు ముట్టుకోకముందే వెలుగునీడలు వచ్చి కూర్చుంటాయి.

తరువాత అసలు రంగు. అక్రిలిక్ రంగును సీసాలో ఉన్నట్టే పూయకండి, నీళ్ళు కలిపి పాల చిక్కదనానికి తీసుకురండి. ఒక మందపు పూత కన్నా రెండు పలుచని పూతలు మేలు, ఎందుకంటే మందపు పూత కింద చెక్కిన ముఖమే మూసుకుపోతుంది. మన వేడికి పళ్ళెంలో రంగు అయిదు నిమిషాలలో తోలు కడుతుంది. టిఫిన్ డబ్బా మూతలో తడిపిన నూలుగుడ్డ పరిచి, దాని మీద బేకరీవాళ్ళు వాడే కాగితం వేసి, ఆ కాగితం మీద రంగు కలుపుకుంటే సాయంత్రం దాకా తడిగా ఉంటుంది. రెండు మూడు రోజులు మరిచిపోతే బూజు కూడా పడుతుంది, అది వేరే సంగతి.

వాష్ అంటే బాగా పలుచన చేసిన ముదురు రంగు. అది తనంతట తానే గాడులలోకి జారి నిలుస్తుంది, కన్ను పట్టుకోలేని నీడను వెడల్పు చేస్తుంది. డ్రై బ్రష్ దానికి తిరగబడిన పని: కుంచెకు లేతరంగు అద్ది, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన పొడిరంగును బొమ్మ ఎత్తుల మీద విదిలిస్తే వెలుగు పట్టవలసిన చోటే పట్టుకుంటుంది. ఒకటి లోతును వెతుక్కుంటుంది, రెండోది ఎత్తును వెతుక్కుంటుంది. ఈ రెండూ చేతికి వస్తే ఆటకు సరిపడా సైన్యం తయారవుతుంది. డ్రై బ్రష్‌కు ఖరీదైన కుంచె అక్కరలేదు, ఫ్యాన్సీ షాపులో దొరికే గుండ్రటి మేకప్ కుంచె దీనికి అన్నిటి కన్నా బాగుంటుంది. మా ఇంట్లో నా కోడలి దగ్గర ఒకటి మాయమైన సంగతి ఇప్పుడు బయటపడినట్టే.

సైన్స్ ఫిక్షన్ బొమ్మలలో పలకల కవచాలు ఎక్కువ కనుక అంచు హైలైట్ ముఖ్యం. ప్రతి పలక అంచునా లేతరంగు గీత గీయడం. అన్ని అంచులకూ ఒకే మందంతో గీస్తే బొమ్మ కాదు, ఇంజనీరింగు డ్రాయింగు అవుతుంది. పైకి చూసే అంచుకు ఎక్కువ వెలుగు, కిందికి చూసే అంచుకు తక్కువ. సూర్యుడు ఎక్కడున్నాడో ఒకసారి నిర్ణయించుకున్నాక మధ్యలో మార్చకండి. ఇక మెరిసే ఆయుధాలు, వెలిగే కళ్ళు. చాలామంది కుర్రవాళ్ళు ఆయుధం నుంచి నీలికాంతి చిమ్ముతున్నట్టు వేస్తారు, చుట్టూ నీలం చల్లుతారు, అయినా కాంతి రాదు. ఎందుకు రాదు? రాత్రిపూట ఆటో నడిపే అతని ముఖాన్ని ఎప్పుడైనా గమనించారా? మీటరు దీపం అతని గడ్డం కిందా, ముక్కు కిందా పడుతుంది. నుదురు చీకటిలో ఉంటుంది. ఆ ముఖం మొత్తం మీద దీపం కన్నా ప్రకాశవంతమైనది ఏదీ ఉండదు. మీరు బొమ్మను పట్టపగలు వెలుగుతో వేసి, దాని మీద దీపం వేస్తే దీపం వెలగదు. ముందు చుట్టూ చీకటి చేయాలి. దీపానికి దగ్గరగా ఉన్నవి, దీపం వైపు తిరిగి ఉన్నవి, అవి మాత్రమే వెలగాలి.

ఇప్పుడు నాకు అన్నిటి కన్నా ఇష్టమైన చోటికి వస్తున్నాను. యుద్ధంలో ఉన్న యంత్రం కొత్తగా ఉండదు. ఉందంటే ఎవరూ నమ్మరు. మరి పాతబడటం ఎలా ఉంటుందో ఎక్కడ నేర్చుకోవాలి? ఇంటర్నెట్‌లో ఎవరో వేసిన ట్యాంకును చూసి మీరు వేస్తే, ఆయన చూసింది కూడా మరెవరో వేసిన ట్యాంకే. మన ఊళ్ళో ఆటోనగర్ ఉంది. వందల లారీలు మరమ్మతుకు వచ్చి నిలబడతాయి. నేను నోటుపుస్తకం పట్టుకుని అక్కడ తిరుగుతుంటే ఇన్సూరెన్స్ సర్వేయరును అనుకుని ఒకాయన టీ కూడా ఇప్పించాడు. అక్కడ నేను చూసినవి చెబుతాను.

తుప్పు తనకు ఇష్టం వచ్చిన చోట పట్టదు. రంగు పెచ్చు ఊడిన చోట మొదలవుతుంది. రంగు పెచ్చు ఎక్కడ ఊడుతుంది? డ్రైవరు కాలు పెట్టే మెట్టు మీద, తలుపు పిడి చుట్టూ, డాలా అంచుల మీద, గొలుసు రాసుకునే చోట. అంటే మనిషి చేయీ, కాలూ, సరుకూ తగిలిన చోట. లారీ తలుపు మధ్య భాగం మెరుస్తూనే ఉంటుంది. మనం ఏం చేస్తున్నాం? స్పాంజి ముక్కతో ట్యాంకు ఒళ్ళంతా సమానంగా గోధుమరంగు అద్దుతున్నాం, అది తుప్పు కాదు, చికెన్‌పాక్స్. పెచ్చు లోపల ఏముంటుందో కూడా చూడండి: నడుమ ముదురు గోధుమ, అంచున పాత ప్రైమర్ తాలూకు ఎర్రగీత. బొమ్మ మీద ఆ ముదురు మచ్చకు అడుగు అంచున ఒక్క లేతగీత పెట్టండి, పై నుంచి పడే వెలుగు పెచ్చు మందానికి తగిలినట్టు ఉంటుంది. తుప్పునీరు బోల్టు నుంచి కిందికి మాత్రమే కారుతుంది, పోతూ పోతూ సన్నబడుతుంది. పొగగొట్టం పక్కన మసి నల్లగా, దాని చుట్టూ వేడికి కాలి రంగు వెలిసిన వలయం. అన్నిటి మీదా దుమ్ము. దుమ్ము మాత్రం కింది నుంచి పైకి ఎక్కుతుంది, చక్రాల దగ్గర దట్టంగా, అద్దాల దగ్గర పలుచగా. ఎక్కడ ఏది ఎందుకు వస్తుందో తెలిస్తే చేతిలో ఏ స్పాంజి ఉన్నా ఫరవాలేదు. తెలియకపోతే ఎంత ఖరీదైన రంగుపొడి కొన్నా వృథాయే.

కట్టడాల సంగతికి వద్దాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, జాగ్రత్తగా వినండి. అరవయ్యో వంతు కొలత ప్రకారం ఏడడుగుల తలుపు 35 మిల్లీమీటర్లు రావాలి. కానీ బొమ్మ కింద మందపాటి బేస్ ఉంటుంది, తల మీద శిరస్త్రాణం ఉంటుంది. 35 పెడితే మన సైనికుడు తలుపులో తల వంచుకోవాలి. 40 పెట్టండి. అంతస్తు ఎత్తు లెక్క ప్రకారం 50 మిల్లీమీటర్లు. కానీ ఆడేవారి చేయి లోపలికి వెళ్ళి బొమ్మను పెట్టి తీయాలి కదా? 75 ఉంచండి. మెట్లు లెక్క ప్రకారం మూడు మిల్లీమీటర్ల ఎత్తు; వాటి మీద ఏ బొమ్మా నిలబడదు. కనుక మెట్లను చూపించండి, బొమ్మలను నిలపడానికి మాత్రం మధ్యలో వెడల్పయిన అరుగు కట్టండి. బొమ్మకు కంటి లెక్క, కట్టడానికి చేతి లెక్క. ఈ తేడా పట్టించుకోకుండా కట్టిన అందమైన కోటలు చాలా అటకల మీద ఉన్నాయి. మా అటక మీద రెండు ఉన్నాయి.

సామాను ఎక్కడిదంటారా? గుంటూరు వైపు మిరప రైతుల దగ్గర పాడైన డ్రిప్ సామాను అడగండి. ఆ మోచేతి ముక్కలు, టీ అక్షరం ఆకారపు ముక్కలు, గొట్టాలు, ఫిల్టరు గిన్నెలు కలిపితే రసాయన కర్మాగారం సిద్ధమవుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది: అవి పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ రకాలు, వాటికి రంగూ పట్టదు, జిగురూ పట్టదు. గరుకు కాగితంతో బాగా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ వేసి, వీలైన చోట తీగతో కుట్టండి. మాత్రల స్ట్రిప్పులు, పాత కంప్యూటరు బోర్డు మీది అల్యూమినియం పలకలు, పెన్ను మూతలు, ఇవన్నీ గోడల మీద యంత్రభాగాలవుతాయి. ఇంట్లోవాళ్ళు పారేసేముందు ఒకసారి అడగడం అలవాటు చేసుకున్నారు. మొదట్లో విసుగ్గా అడిగేవారు, ఇప్పుడు మామూలుగానే అడుగుతున్నారు.

థర్మోకోల్ వాడేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. మూడు వారాలు కూర్చుని, శిథిలమైన అంతరిక్ష కేంద్రం ఒకటి థర్మోకోల్‌తో కట్టాను. ఇటుక ఇటుకా పెన్సిలుతో గీశాను. నల్లరంగు స్ప్రే డబ్బా తెచ్చి, ఎంతో సంబరంగా కొట్టాను. కళ్ళ ముందే గోడలు పంచదార పాకంలా కుంగిపోయాయి. స్ప్రేలోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగిస్తుందని డబ్బా మీద చిన్న అక్షరాలలో రాసే ఉంది, చదవనిది నేనే. ముందుగా ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ రంగు కలిపి కుంచెతో రెండు పూతలు, మూలమూలకూ, అడుగు భాగానికి కూడా పూసి, పూర్తిగా ఆరిన తరువాతే స్ప్రే. ఒక్క చోట తెల్లగా మిగిలినా ద్రావకం అక్కడి నుంచే లోపలికి పోతుంది. బరువును తట్టుకునే కట్టడాలకు గుళికలు రాలే మామూలు థర్మోకోల్ కన్నా, భవనాలలో వేడి ఆపడానికి వాడే గట్టి ఫోము మేలు, దాని మీద గీసిన గీత నిలుస్తుంది.

అడుగు పలకకు అట్ట వద్దు. ఫెవికాల్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి అట్టను అప్పడంలా వంచేస్తుంది. అయిదు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క తీసుకుని, అంచులు ఏటవాలుగా అరగదీసి, వెనుకవైపు కూడా ఒక పూత వేస్తే రెండు వైపులా లాగుడు సమానమై తిన్నగా ఉంటుంది. దాని మీద కృష్ణ ఇసుక. ఇసుకను మూడు జల్లెళ్ళలో పట్టండి: కంకర జల్లెడలో మిగిలినవి బండరాళ్ళు, పిండి జల్లెడలో మిగిలినవి రాళ్ళు, టీ వడపోతలోంచి దిగింది మట్టి. మూడింటినీ కలిపి చల్లితేనే నేల నేలలా ఉంటుంది, ఒకే పరిమాణం చల్లితే గరుకు కాగితంలా ఉంటుంది.

ఇక బొమ్మనూ నేలనూ కలిపేది ఏమిటి? దుమ్ము. ఇది చాలామంది వదిలేస్తారు. నల్లరేగడి చేలో తిరిగి వచ్చినవారి కాళ్ళు చూస్తే ఎక్కడి నుంచి వచ్చారో అడగనక్కరలేదు. మీ బల్ల అంగారక గ్రహమైతే, ఆ నేల ఎరుపు ఇనుప ఆక్సైడు వల్ల వచ్చినదే, ఆటోనగర్ తుప్పులో ఉన్నది కూడా ఇనుప ఆక్సైడే, కనుక రంగు కోసం దూరం వెళ్ళనక్కరలేదు. నేలకు ఏ లేతరంగుతో చివరి డ్రై బ్రష్ చేశారో, సరిగ్గా అదే రంగును బొమ్మ బూట్లకూ, మోకాళ్ళ దాకా కవచానికీ, ట్యాంకు చక్రాలకూ, గోడల అడుగుకూ తాకించండి. ఒకే గిన్నెలో కలిపిన రంగు కావాలి. మళ్ళీ కలిపితే అదే రాదు, చిన్న సీసాలో దాచి పేరు రాసి పెట్టుకోండి. బొమ్మలు వేర్వేరు చేతులు వేసినవైనా, వేర్వేరు సంవత్సరాలలో వేసినవైనా, ఆ దుమ్ము పడగానే ఒకే చోట నడిచినవారవుతారు.

వెనుక వరుసలో అమ్మాయి కుంచెల గురించి అడుగుతోంది. మంచి ప్రశ్న. సన్నని మొన ఉన్న ఒక్క మంచి కుంచె, ఒకటో నంబరుదో రెండో నంబరుదో చాలు. మరీ సన్నని కుంచెలో రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. ముంగిస వెంట్రుకల కుంచెలని ఎవరైనా అమ్మజూపితే కొనకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. సింథటిక్ కుంచెలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. కుంచెను నాలుకతో మొన దిద్దే అలవాటు నాకూ ఉండేది, మానుకున్నాను. కొన్ని రంగులలో కాడ్మియం వంటి లోహాలు ఉంటాయి.

ఇప్పుడు అందరూ బల్లల దగ్గరకు రండి. ప్రతి బల్ల ముందూ నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను, అది 60 సెంటీమీటర్ల గీత. ముందు గీత మీద నిలబడి చూసి, ఏం కనిపించిందో కాగితం మీద రాసి, ఆ తరువాతే దగ్గరకు వెళ్ళండి. ఎడమవైపు బల్ల మీద ఉన్న గోపురాన్ని మాత్రం ముట్టుకోకండి, దాని తలుపు ఇంకా ఆరలేదు.